ఒక తట్ట చౌడు

ఇళ్ళు కట్టించే ప్రభుత్వ శాఖలో ముప్పై ఏడేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుచేత ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న కుర్రవాడు సాంబారు వచ్చేలోపు "అంకుల్, ఇల్లు కడుతున్నాం, ఏ సిమెంటు మంచిది?" అని అడుగుతాడు. ఏదో ఒకటి చెబుతాను. చెప్పేటప్పుడు మాత్రం నల్లమల అంచున ఒక చిన్న ఊళ్ళో నేను నాలుగేళ్ళు అద్దెకున్న మట్టి మిద్దె గుర్తొచ్చి ఆపైన అన్నం సయించదు. ఆ మిద్దె మీద నేను సిమెంటు వేయించాను. ఆ సంగతే చెప్పబోతున్నాను. మీలో కొత్తగా ఇంజినీర్లయినవాళ్ళుంటే కాస్త ఓపిగ్గా వినండి. కానివాళ్ళు ఎలాగూ వింటారు, ముసలివాళ్ళు పాత కబుర్లు మొదలుపెడితే తప్పించుకునే దారి ఉండదు గదా.

నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఇరవై మూడేళ్ళు. డిప్లొమా చదివాను, మొదటి పోస్టింగు మాచర్ల. మాది తెనాలి వైపు. కాలవ గట్టున పుట్టి పెరిగినవాడికి పల్నాడు అంటే రాళ్ళూ, ఎండా, మిరపకాయలూ. మా అమ్మ నన్ను బస్సెక్కిస్తూ గొడుగొకటి, మజ్జిగ సీసా ఒకటి చేతిలో పెట్టి, సరిహద్దుకు పంపుతున్నట్టు కళ్ళు తుడుచుకుంది. మాచర్లలో ఆఫీసువాళ్ళు నన్ను అక్కడ కూడా ఉంచలేదు. కొండ కింద ఊళ్ళలో కొత్త కాలనీలు కడుతున్నారు, పని దగ్గరే మనిషి ఉండాలన్నారు. రోజుకి రెండు బస్సులు వచ్చే ఊరు. ఆ ఊరు దాటితే ఇక రోడ్డు లేదు, కొండే. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళు ఫోన్ చేసి తిడతారు, తిట్టడానికి వాళ్ళకి హక్కుంది.

ఆ ఊళ్ళో అద్దె ఇల్లనే మాటే లేదు. ఊరి మధ్యలో ఒక రైతు తన మిద్దెలో పడమటి గది ఖాళీగా ఉంది, ఉండమన్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి, పొడుగ్గా, కొద్దిగా వంగి నడిచేవాడు. తలుపులు పొట్టివైన ఇంట్లో పుట్టి పెరిగితే అంతేనని ఆయనే నవ్వేవాడు. నేను ఆయన్ని పెదనాన్నా అనేవాణ్ణి, ఆయన భార్యని పెద్దమ్మా అనేవాణ్ణి. వాళ్ళకొక కొడుకు, అప్పటికి బడికి పోతున్నాడు. అద్దె ఎంతని అడిగితే పెద్దమ్మ, "గది ఊరికే ఉంటే ఎలకలు చేరతయ్యి. నువ్వు చేరు, అంతే" అంది.

ఆ ఇల్లు ఎలా ఉండేదో మీకు చెప్పాలి. గోడలు నాపరాళ్ళవి, ఒకదాని మీద ఒకటి పేర్చి మట్టితో అతికినవి. రెండు మూరల మందం. గోడ లోపలి గూట్లో నా ట్రంకు పెట్టె పట్టేది. వీధి వైపు రాతి అరుగు, లోపలికి అడుగుపెడితే ముందు ఎడ్లు, రెండు మెట్లెక్కితే మనుషులు. ఒకే కప్పు కింద అందరూ. ఇంటి మధ్యలో నల్లమద్ది దూలం ఒకటి, నా చేతులు రెండూ చాచినా చుట్టుకి అందేది కాదు. పెదనాన్న తాత దాన్ని నాలుగు జతల ఎడ్లతో కొండ మీంచి ఈడ్చుకొచ్చాడట. దూలం మీద అడ్డంగా దంతెలు, అంటే సన్న వాసాలు, వాటి మీద పలచని రాతి పలకలు, పలకల మీద వావిలాకు పరిచి ఎర్రమట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే తెల్లగా, ఉప్పగా ఉండే మట్టి. పంట పండదు గానీ నీళ్ళని కిందికి దిగనివ్వదు. ఆ కొండ ఊళ్ళలో కప్పంటే అదే.

కప్పులో పొగ పోవడానికి, వెలుతురు రావడానికి ఒక కంత ఉండేది. వానొస్తే దాని మీద కుండ బోర్లించేవారు. ఆ కంతలోంచి ఎండ గుండ్రంగా నేల మీద పడి పొద్దెక్కేకొద్దీ జరిగేది. పెద్దమ్మ గడియారం అదే. "అబ్బాయ్, వెలుగు రోలు కాడికొచ్చింది, ఇంకా తలకి నూనె రాసుకుంటన్నావా?" అని కేకేసేది. నా చేతికి గడియారముంది. అయినా నేను ఆఫీసుకి తయారయింది ఆ వెలుగు చూసే.

బయట మే నెల ఎండలో రెంటచింతల పేరు పేపర్లో పడుతుంటే, ఆ పడమటి గదిలో మధ్యాహ్నం నేల మీద చాప వేసుకుని పడుకుంటే కునుకు పట్టేది. ఫ్యాను లేదు. ఆ చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. అప్పుడు మాత్రం దాని విలువ తెలియలేదు. పగలంతా బయట తిరిగి, "మట్టి ఇళ్ళు వదలండి, పక్కా ఇళ్ళు కట్టుకోండి" అని జనానికి చెప్పి, ఒళ్ళు కాలిపోయి వచ్చి ఆ మట్టి మిద్దెలోనే పడుకునేవాణ్ణి. అందులో తిరకాసు ఉందని నాకు తోచలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గదా, ఆ రకం.

ఇక చౌడెత్తే రోజు. ఎండకి చౌడు పగుళ్ళిస్తుంది, గాలికి కొంత లేచిపోతుంది. అందుకని ఏటా రోహిణి కార్తెలో, మొదటి వానకు ముందు, మిద్దె మీద కొత్త చౌడు వేయాలి. వీధి వీధంతా కలిసి ఒక్కో ఇంటికి ఒక్కో పూట పెట్టుకునేవారు. వాగు పక్క నుంచి బండ్ల మీద చౌడు తెచ్చి వాకిట్లో పోసేవారు. పెదనాన్న చిటికెడు నాలిక మీద వేసుకుని, "ఇది పనికొచ్చిద్ది" అంటేనే తట్టలకెత్తేవారు. కింద నుంచి నిచ్చెన మీదుగా పైదాకా మనుషులు వరసగా నిలబడి తట్టలు అందించుకునేవారు. వరసైన వాళ్ళ మధ్య పరాచికాలు, పిల్లల గోల, అందరికీ కుండల్లో మజ్జిగ, మధ్యాహ్నం జొన్నన్నం, గోంగూర పచ్చడి.

దానికొక కట్టుబాటు ఉంది. ఆ ఏడు ఆ కప్పు కింద పడుకున్నవాళ్ళు ప్రతి ఒక్కరూ తమ చేత్తో కనీసం ఒక తట్ట ఎత్తాలి. కొత్త కోడలైనా, చుట్టంగా వచ్చి నెలరోజులున్నవాడైనా సరే. చంటిపిల్ల అయితే దాని గుప్పిట్లో ఇంత మట్టి పెట్టి విదిలించేవారు. నా నాలుగేళ్ళలో నేను ఒక్క తట్టా ఎత్తలేదు. మొదటి ఏడు ప్యాంటు మాసిపోతుందని, రెండో ఏడు కొలతలు తీయాలని, ఆ తర్వాత ఏదో మీటింగని. అసలు సంగతి ఏమిటంటే నామోషీ. మట్టి ఇళ్ళు మానమని చెప్పే ఇంజినీరు మట్టి తట్ట మోస్తే జనం నవ్వుతారని నా భయం. పెదనాన్న ఏమీ అనేవాడు కాదు. చివర్లో ఒక తట్ట ఆయనే ఎత్తుకుని, "ఇది మన ఇంజినీరు తట్ట" అని అందరూ వినేట్టు చెప్పి, పడమటి గది మీద పోసేవాడు. నేను అరుగు మీద కూర్చుని నవ్వేవాణ్ణి.

నాలుగో ఏడు వేసవిలో నాకు బదిలీ ఆర్డరు వచ్చింది, మళ్ళీ మాచర్ల ఆఫీసుకి. నాలుగేళ్ళు కన్నకొడుకులా చూసుకున్నవాళ్ళకి ఏమివ్వాలి? చీర పెడితే పెద్దమ్మ తీసుకోదు. బాగా ఆలోచించి, నా సొంత డబ్బుతో సిమెంటు బస్తాలు కొని, ఇసుక తోలించి, కాలనీ పనిలో ఉన్న మేస్త్రీలిద్దర్ని పిలిచి, మిద్దె మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా సిమెంటు పూత వేయిద్దామనుకున్నాను. ఇక ఏటా రోహిణి ఎండలో ఆ చాకిరీ ఉండదు. దీనికన్నా గొప్ప కానుక ఏముంటుందని నా మురిపెం.

పెదనాన్న తలెత్తి కప్పు వంక చూసి, కాసేపు మీసం దువ్వుకున్నాడు. "మట్టికి పైన మూతేస్తే దానికి ఊపిరాడిద్దా అబ్బాయ్?" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. "మట్టికి ఊపిరేమిటి పెదనాన్నా!"

"ఏమో, మా నాయన అనేవాడు. సదువుకున్నోడివి, నీకు తెలవదా. కానీ" అన్నాడు.

పెద్దమ్మ మాత్రం ఇంకో సంగతి అడిగింది. "అయితే ఇంక మనింటికి చౌడెత్తడానికి ఎవరూ రారా?" అంది. రావాల్సిన పని లేదన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. "అట్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో పని అయిపోయింది. నేనే పైన కూర్చుని, తాపీ తీసుకుని అంచులు నున్నగా దిద్దాను. ఆ నాలుగేళ్ళలో ఆ మిద్దె ఎక్కడం నాకు అదే మొదటిసారి. కిందికి దిగాక పెదనాన్న నా చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ, "నా మిద్దె మీద నీ చెయ్యి పడింది, చాలు" అన్నాడు. మర్నాడు మాచర్ల బస్సెక్కాను.

ఊరు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరం. నేను వెళ్ళింది ఏడాదికి ఒకసారి కూడా కాదు. పెళ్ళయింది, ప్రమోషన్ వచ్చింది, జీపొచ్చింది, టార్గెట్లొచ్చాయి. సర్కారు ఉద్యోగంలో తీరిక లేకపోవడం అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. నిజానికి తీరిక ఉంటుంది, మనసే ఉండదు.

నాలుగేళ్ళ తర్వాత అనుకుంటా, ఒకరోజు పొద్దున్నే గుంటూరులో రివ్యూ మీటింగుకి బయల్దేరుతున్నాను. ఆఫీసు గేటు దగ్గర పెదనాన్న నిలబడి ఉన్నాడు. పక్కన బుట్టెడు సీతాఫలాలు, కొండవి. భుజం మీద తువ్వాల్లో ఏదో చిన్న మూట. ఎప్పుడొచ్చావంటే, "ఇందాకే" అన్నాడు. మొదటి బస్సుకే వచ్చాడని తర్వాత మా ప్యూను చెప్పాడు. జీపు ఇంజను ఆగలేదు. పై అధికారి లోపల కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"ఏంటి పెదనాన్నా, పనేమైనా ఉందా?"

"పనేంలా. ఊరికే నిన్ను చూసి పోదామని."

"మిద్దె ఎలా ఉంది?"

ఆయన నా మొహం వంక చూశాడు, జీపు వంక చూశాడు. "ఉంది. నువ్వేసిందేగా" అన్నాడు. భుజం మీది మూట సర్దుకున్నాడు. "పో అబ్బాయ్, పెద్దసారు ఎదురుచూస్తన్నాడు. పండ్లు పిల్లలకి పెట్టు."

ఆ సీతాఫలాలు చాలా తియ్యగా ఉన్నాయి. మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఆ మరుసటి ఏడు ముసురు పట్టింది. వారం రోజులు తెరిపివ్వలేదు. కొండ వాగులు పొంగాయి. కూలిన ఇళ్ళ జాబితాలు ఊరూరి నుంచీ ఆఫీసుకొచ్చాయి. ఒక జాబితాలో పెదనాన్న పేరు చూశాను. చూసి, అదే పేరుతో ఆ ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఆలోచించాను. లేరని నాకు తెలుసు.

మర్నాడు పై అధికారితో కలిసి వెళ్ళాను. ఆ అధికారి అనంతపురం వైపు మనిషి. కోపిష్టి, కానీ పని తెలిసినవాడు. ఇంటి ముందు భాగంలో కప్పు కూలిపోయింది. నల్లమద్ది దూలం నడిమికి విరిగి రెండు ముక్కలూ ఎడ్ల గాడి మీద పడి ఉన్నాయి. ఎడ్లు చేలో ఉన్నాయి గనక బతికాయి. మనుషులకేమీ కాలేదు. దూలం విరిగిన చోట లోపలంతా అటుకుల్లా పుచ్చిపోయి ఉంది. చేత్తో నలిపితే పొడి రాలింది. పైన నా సిమెంటు పూత పలకలు పలకలుగా విరిగి వేలాడుతోంది. నేను దిద్దిన నున్నటి అంచు ఒకటి చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

అధికారి ఒక ముక్క తీసి చూసి మండిపడ్డాడు. "ఏ మొనగాడయ్యా మట్టి మిద్దె మీద సిమెంటు వేసింది? సన్న పగుళ్ళలోంచి నీళ్ళు దిగుతాయి. దిగిన నీళ్ళు ఆరే దారి లేదు. మట్టయితే ఎండకి ఆరేది. దూలం పుచ్చక ఏమవుతుంది? మా ఊళ్ళో పశువుల కాపరికి తెలుసు ఈ సంగతి. ఎవరు వేశారు?"

వీధంతా గుమిగూడి ఉంది. వాళ్ళందరికీ తెలుసు ఎవరు వేశారో. మేస్త్రీలకు నీళ్ళందించిన ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. నేను నోరు తెరిచాను. ఆ నోట్లోంచి మాట వచ్చేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఈలోపే పెదనాన్న ముందుకొచ్చాడు.

"నేనే వేసుకున్నా సార్. నా బుద్ధి తక్కువ" అన్నాడు.

"చదువు లేకపోతే ఇంతే" అన్నాడు అధికారి, ముక్క అవతల పారేసి. ఊరివాళ్ళు ఒక్కరూ కిక్కురుమనలేదు. నేను కూడా. నోట్ పుస్తకం తెరిచి కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాను. చదువుకున్నవాడు చెయ్యగలిగింది అదే.

అధికారి పక్క వీధికి వెళ్ళాక పెదనాన్న నన్ను పడమటి గది దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ గది, వంటిల్లు నిలబడే ఉన్నాయి. గోడలన్నీ బాగానే ఉన్నాయి.

"అబ్బాయ్, ఒక్క మాట. పూర్తిగా కూలిందని రాయమాక. సగమే అని రాయి. నాక్కొత్తిల్లు ఒద్దు. ఫారెస్టోళ్ళ డిపోలో ఒక దూలం ఇప్పించేట్టు కాయితం రాసియ్యి, చాలు. గోడలు మా తాత పేర్చినయ్యి, ఇంకా నూరేళ్ళుంటయ్యి. పండక్కల్లా లేపుకుంటా."

ఆ రోజుల్లో రూలు ఇది. సగం కూలితే మరమ్మతుకి ఏదో కొంత ఇస్తారు. పూర్తిగా కూలితే కొత్త పక్కా ఇల్లే ఇస్తారు, కాకపోతే నిలబడ్డదంతా పడగొట్టి ఆ స్థలంలోనే కట్టాలి. నేను ఆలోచించాను. నా వల్ల ఆయనకు నష్టం జరిగింది. సగమని రాస్తే ఆయనకు దక్కేది చారెడు. పూర్తిగా అని రాస్తే స్లాబు ఇల్లు. ఇంకెప్పుడూ పుచ్చదు, కూలదు. నేను చేసిన పాపానికి అంతకన్నా పరిహారం ఏముంది? ఆయనకు తెలియక వద్దంటున్నాడు, తర్వాత నన్నే మెచ్చుకుంటాడు.

మాచర్ల వచ్చి "పూర్తిగా కూలినది" అని రాసి సంతకం పెట్టాను. ఆయన్ని అడగలేదు. చెప్పలేదు కూడా.

పది రోజుల్లో పడమటి గది పడగొట్టారు. ఆ గోడ పడటానికి మనుషులకి మూడు రోజులు పట్టిందని కాంట్రాక్టరు నా దగ్గర విసుక్కున్నాడు. పెదనాన్న నా దగ్గరికి రాలేదు. ఏమీ అడగలేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు కబురు మాత్రం పంపాడు. నేను వెళ్ళలేదు, జ్వరమని చెప్పించాను. ఆ తర్వాత గురజాల, పిడుగురాళ్ళ, నరసరావుపేట అంటూ బదిలీల మీద బదిలీలు. ఆ ఊరి వైపు పని పడితే కింది వాళ్ళని పంపేవాణ్ణి. పెదనాన్న పోయిన సంగతి మాచర్ల బస్టాండులో ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. టీ తాగుతున్నవాణ్ణి, గ్లాసు సగంలో బల్ల మీద పెట్టేశాను. అప్పుడైనా వెళ్ళాల్సింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఇప్పుడు నేను నరసరావుపేటలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను. పైన ఇక అంతస్తు లేదు, స్లాబే. ఈ ఏడు రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గోడకి ఆనుకుందామని చెయ్యి వేస్తే చురుక్కుమంది. నా గదిలో గోడ పెనంలా కాలుతోంది. ఉన్నట్టుండి ఆ పడమటి గది వాసన తగిలింది. చల్లటి మట్టి, ఎడ్ల మీది వాసన, పెద్దమ్మ పొయ్యి పొగ, అన్నీ కలిసిన వాసన. అరవై దాటిన మగవాణ్ణి, గోడకి ఎదురుగా నిలబడి ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడతో పని ఉందని చెప్పి మాచర్ల బస్సెక్కాను.

పిడుగురాళ్ళ లారీల మధ్య గంటసేపు ఆగి, రెంటచింతల దాటేసరికే సీటు కాలిపోతోంది. మాచర్లలో ఆటో మాట్లాడుకున్నాను. ఊళ్ళోకి ఇప్పుడు తారు రోడ్డు ఉంది. వీధి చివర దిగి చూస్తే దాదాపు అన్నీ స్లాబు ఇళ్ళే. అందులో నేనూ, నా తర్వాతివాళ్ళూ కట్టించినవే ఎక్కువ. ఆ వీధి మధ్యలో మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. కింద తెల్లటి మట్టి కుప్ప, నిచ్చెన, తట్టలు. పెదనాన్న ఇంటి స్లాబు మీదికి చౌడెత్తుతున్నారు.



వాకిట్లో పాత ఇంటి అరుగు రాళ్ళు అలాగే ఉన్నాయి. వాటి మీద పెద్దమ్మ కూర్చుని అజమాయిషీ చేస్తోంది. డెబ్బై ఎనిమిదో, ఎనభయ్యో. చూపు మందగించినట్టుంది, చెయ్యి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది.

"ఎవరయ్యా అది, గొడుగేసుకుని? మా ఇంజినీరేనా?"

ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ముందు మజ్జిగ తాగమంది. పిల్లలెంతమందని అడిగింది. ఇన్నేళ్ళు ఎందుకు రాలేదని అడగలేదు. మాట కోసం నేనే, "స్లాబు మీద చౌడేంటి పెద్దమ్మా?" అన్నాను.

"మరేం చేసేదయ్యా? నువ్విచ్చిన ఇల్లు కురవదు గానీ, రోహిణిలో అందులో మనిషన్నవాడు ఉండలేడు. మొదటేడు మీ పెదనాన్న నాలుగు తట్టలు పోసి చూశాడు. కింద చల్లబడింది. దాన్ని చూసి ఈదంతా మొదలుపెట్టారు. మళ్ళీ ముసుర్లు పట్టక ముందే గీకేస్తాం, అడుగున చెమ్మ ఉంటే లోపలి ఇనుముకి మంచిది కాదన్నాడు మీ పెదనాన్న. ఆ సంగతి నీకు తెలియంది కాదు."

తెలుసు. కానీ చెమ్మ గురించి ఆలోచించి మట్టి గీకడానికి అదను నిర్ణయించింది నేను కాదు. చదువు లేనివాడని మా అధికారి తిట్టిన మనిషి.

అప్పుడిక ఆగలేకపోయాను. "పెద్దమ్మా, ఆ రోజు ఆ సిమెంటు నేనే వేయించానని చెప్పాల్సింది. చెప్పలేదు. పెదనాన్న నా బదులు తిట్లు తిన్నాడు. సగమే అని రాయమంటే పూర్తిగా అని రాశాను" అన్నాను. 

ఆమె నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "కూలడానికి ముందు ఏడే తెలుసయ్యా మాకు. దూలం నెత్తిన చెమ్మ కనబడింది. ఉలితో గీకితే లోపల పుచ్చు. అందరూ సిమెంటు పగలగొట్టు, మళ్ళీ చౌడేద్దాం, దూలం ఆరిద్ది అన్నారు. మీ పెదనాన్న ఒప్పుకోలా. 'పిల్లోడు ముచ్చటపడి తన చేత్తో దిద్దిపోయాడు, వాడికి చెప్పకుండా ఎట్టా పగలగొడతా' అన్నాడు. దూలం పుచ్చు ముక్క తువ్వాల్లో కట్టుకుని, నిన్ను అడిగొస్తానని మాచర్లొచ్చాడు గదా?"

సీతాఫలాల బుట్ట. భుజం మీద మూట.

"వచ్చాడు" అన్నాను.

"నువ్వు ఏదో హడావిడిలో ఉన్నావంట. మిద్దె ఎట్టా ఉందని నువ్వే అడిగావంట గూడా. అడిగితే ఇంక చెప్పలేకపోయాడంట. 'వాడి మొహం చిన్నబోయిద్దే, వచ్చేడు చూద్దాంలే' అన్నాడు."

  పైన తట్టలు అందుకునేవాళ్ళు ఎవరినో ఎగతాళి చేస్తూ నవ్వుతున్నారు.

కుర్రవాళ్ళు ఏ సిమెంటు మంచిదని నన్నడుగుతారని మొదట్లో చెప్పాను గదా.  నాకు తెలిసింది ఒక్కటే. ఎవరికైనా మేలు చెయ్యబోయే ముందు వాళ్ళని అడగండి. అడిగి, జీపు ఇంజను ఆపి, జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడండి.

చివరి తట్టలు నిండుతున్నాయి. ఒకప్పుడు బడికి పోయిన కొడుకు ఇప్పుడు యాభై దాటిన రైతు. తన తట్ట తాను ఎత్తాక, వంగి ఇంకొకటి నింపుకోబోయాడు. పెద్దమ్మ కేకేసింది.

"ఒరేయ్, అది ఉంచు. ఆయనే వచ్చాడు గదా."

 ఆమె నా వైపు తిరిగింది. "నీ తట్టయ్యా అది. మీ పెదనాన్న పోయేదాకా ప్రతేడూ నీ పేరున ఎత్తాడు. ఆయన పోయాక వీడెత్తుతున్నాడు. ఆ కప్పు కింద పడుకున్నోడివేగా నువ్వు."

గొడుగు అరుగు మీద పెట్టాను. చెప్పులు విడిచాను. కొడుకు తట్ట నా నెత్తికెత్తాడు. నిచ్చెన నాలుగో మెట్టు మీద మోకాలు కలుక్కుమంది. కింద నుంచి ఎవరో నా నడుము పట్టుకుని పైకి నెట్టారు. ఆడపిల్లలు నవ్వారు, నవ్వనీ. స్లాబు మీద చౌడు తెల్లగా, చదునుగా పరిచి ఉంది. పడమటి మూల మాత్రం తట్టెడంత చోటు ఖాళీగా వదిలేశారు.

"నాయన మీ తట్ట ఈడే పోసేవాడు" అన్నాడు కొడుకు.

అక్కడే పోసి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో చదును చేశాను.